ఏ చెంచా?

"ఏమండోయ్! పత్రికాఫీసు నుంచి ఫోను! మీకు పురస్కారమట!"

వంటింట్లోంచి ఆవిడ పెట్టిన కేకకి మందులాయన చేతిలోని రబ్బరు స్టాంపు జారి, తెల్లచొక్కా మీద ఊదారంగు ముద్ర కొట్టింది. "ప్రచురణార్హం కాదు" అని. స్టాంపు ఎడమ మూల ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి చొక్కా మీదా ఎడమ మూల పడలేదు.

ముప్పై ఏళ్లు ఆస్పత్రి కౌంటర్లో మాత్రలు లెక్కపెట్టి రిటైరైన ఆయనకి ఇప్పుడు రాతలే మాత్రలు. ఆరోగ్య పత్రికలో ఆయన శీర్షిక పేరు 'మాత్రాఛందస్సు'. మందుతోపాటు మందహాసమూ ఇవ్వాలని పట్టు. రక్తపోటు మీద రాస్తే "ఎంతటి పోటుగాడికైనా తప్పని పోటు" అని మొదలుపెడతారు. ఆ శీర్షిక లేకపోతే తాను చీటీ ఊడిన సీసాతో సమానమని ఆయనే అంటూ ఉంటారు.

అదే పత్రిక నెలకో కట్ట వ్యాసాలు కూడా పంపుతుంది, పేర్లు తీసేసి నంబర్లు వేసి. అవి చదివి బాగోగులు చెప్పాలి. మొదట్లో పేజీలకు పేజీలు చెప్పేవారు. తర్వాత కౌంటరు అలవాటు కొద్దీ స్టాంపు చేయించుకున్నారు. "పది వాక్యాలు చాలు, నాడి దొరికిపోతుంది" అంటూ పెన్సిల్‌తో ఓ ముక్క గీకి, టపీమని కొట్టేవారు.

"పురస్కారమా! అమ్మాయికి చెప్పు, వెంటనే రమ్మను!"

అమ్మాయంటే కౌంటర్లో పద్దెనిమిదేళ్లు ఆయన పక్కన పనిచేసిన అసిస్టెంటు. ఒకరు కట్టిన మందు ఇంకొకరు సరిచూడాలి, ఎవరు కట్టింది వాళ్లే సరిచూసుకోకూడదు. అది అక్కడి చట్టం. ఆయన కట్టేవారు, ఆమె సరిచూసేది. పిల్లల సిరప్ సీసా మీద "రెండు చెంచాలు" అని రాసి ఆయన పక్కకి తోస్తే చాలు, "ఏ చెంచా సార్?" అని మళ్లీ వెనక్కి తోసేది.

మధ్యాహ్నానికి పూలగుత్తితో దిగింది.

"చొక్కా ప్రచురణార్హం కాదా సార్? బాగానే ఉందే!"

"చొక్కాకేముందమ్మా, లోపలి మనిషికి అచ్చయ్యే యోగం పట్టింది!"

ఆ నవ్వులో ఉండగానే ఆఫీసు నుంచి మనిషి కవరు తెచ్చిచ్చాడు. ఆయన గొంతు సవరించుకుని పైకే చదవడం మొదలుపెట్టారు.

"పొద్దున ఫోనులో చెప్పినట్టు, మీరు మూడు నెలల క్రితం ఇచ్చిన 'పిల్లల జ్వరం' వ్యాసం తిరస్కరించడమైనది. సమీక్షకులు అడిగింది ఒకటే, ఏ చెంచా అని. ఇంత ముఖ్యమైన కొలత వదిలేసినందున మీ శీర్షికను నిలిపివేస్తున్నాం."

ఆయన కాగితం మడిచి, అమ్మాయి వైపు తిరిగారు.

"ఈ ప్రపంచంలో ఆ రెండు మాటలు అడిగేది ఒక్కరే."

"సార్... నేనా?"

"చెంచా చెంచా అంటూ చివరికి ఎడిటరుకే చెంచావయ్యావా! పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పినందుకు నా కుర్చీయే లాగేశావు కదమ్మా!"

"ఎవరి చెంచానీ కాదు. ఆ పత్రికకి నేనెప్పుడూ సమీక్షలు రాయలేదు. అయినా నేనడిగితే మీ మొహం మీదే అడుగుతాను సార్, మీ వెనకాల కాదు."

"పూలు తీసుకెళ్లిపో."

"ఊరుకోండి, ఆడపిల్లని అలా అంటారా!" అంది ఆవిడ.

అమ్మాయి కళ్లు తుడుచుకుని లేచింది. "పదండి. ఎడిటరుగారి ముందే తేల్చుకుందాం."

ముగ్గురూ ఉన్నపళంగా బయల్దేరారు. ఆయన చొక్కా కూడా మార్చుకోలేదు.

పత్రికాఫీసులో ఎడిటరు మొదట ఆవిడకే చెప్పాడు. "అమ్మా, నేనన్నది తిరస్కారం."

"మిక్సీ తిరుగుతోంది బాబూ. నాకు 'స్కారం' ఒక్కటే వినపడింది. మంచిదే అయ్యుంటుందని ముందు 'పుర' నేనే తగిలించుకున్నాను."

"అది సరే, ఆ సమీక్షకుడెవడు?" మందులాయన బల్ల గుద్దారు. "వాణ్ణి జన్మలో కలం పట్టనివ్వకండి!"

"నాకూ తెలీదండీ. వ్యాసం రాగానే మా గుమాస్తా మళ్లీ టైపు చేస్తాడు. పేరు తీసేస్తాడు. శైలి పట్టి ఎవరిదో కనిపెట్టెయ్యకుండా చమత్కారాలన్నీ ఏరేస్తాడు. నంబరేసి వరసలో ఎవరి వంతొస్తే వాళ్లకి పంపిస్తాడు."

"నా చమత్కారాలు ఏరేశాక ఇంకేం మిగులుతుందయ్యా?"

"సమీక్షకులకీ ఏమీ మిగల్లేదనుకుంటా. మొదటి పేజీ దాటినట్టు లేదు."

"చూశావా! చదవకుండానే గొంతు కోశాడు!" అమ్మాయి వైపు వేలు చూపించారు. "చదివుంటే నువ్వైనా ఇంత పని చేసేదానివి కాదు."

పద్దెనిమిదేళ్లలో ఆయన ఆమెతో ఇలా మాట్లాడడం ఇవాళే మొదలు. అమ్మాయి తలొంచుకుని, "ఆ కాగితం చూపించండి సార్. లేకపోతే ఈయన ఇంక నా మొహం చూడరు" అంది.

ఎడిటరు ఫైలు వెతికి నలభై ఏడో నంబరు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పైన పెన్సిల్‌తో "ఏ చెంచా?" అని గీకి ఉంది. కింద ఊదారంగు ముద్ర.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాగితం చూసింది. మొగుడి చొక్కా చూసింది. మళ్లీ కాగితం చూసి, మెల్లిగా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

రెండు ముద్రలకీ ఎడమ మూల లేదు.