కొత్త పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు

మా వదిన దెసాంక ఇంట్లో కంపెనీవాళ్లిచ్చిన వైఫై రౌటర్ రోజూ మొరాయిస్తోందని, ఆ రాత్రి దాన్ని లోపల నుంచి నడిపే వాళ్ల ఫర్మ్‌వేర్ ప్రోగ్రామ్ చెరిపేసి కొత్తది ఎక్కించాను. పాత పాస్‌వర్డ్ దాంతోపాటే పోయింది. కొత్తది పెట్టాను కానీ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

అయినా ఒక ఫోన్ వైఫైకి కలిసినట్టు నా లాప్‌టాప్ తెర మీద చూపించింది. పేరు స్లావోల్యుబ్.

మా అన్న. పోయి ముప్పై తొమ్మిది రోజులైంది. మా టిమోక్ నది వైపు ఊళ్లలో పోయినవాళ్లతో పాటు వాళ్ల ఫోన్ కూడా పాతిపెడతాం. బ్యాటరీ నిండా ఎక్కించి ఆయన కోటు జేబులో పెట్టింది నేనే.

“వదినా, అన్న ఫోన్ కలిసింది.”

“చాల్లే మరిదీ! రేపు నలభయ్యో రోజు భోజనాలు పెట్టుకుని ఇవాళా నీ వేషాలేనా? పెళ్లినాడు నా చెప్పులో కప్పని పెట్టినోడివి!”

“ఒట్టు వదినా, ఈసారి నేను కాదు.”

తెర మీద ఆ ఫోన్ సిగ్నల్ ఒక్క గీతే ఉంది. శ్మశానం కొండ మీద ఉంది, అంత దూరం వైఫై పోదు. కాసేపటికి రెండు గీతలయ్యాయి. పెరట్లో కుక్క మొరగడం ఆపేసింది. మూడయ్యాయి.

“వదినా, నీ కాళ్లు పట్టుకుంటా, తలుపు తీయకు.”

“నోర్ముయ్, కుక్కకి రొట్టె వెయ్యాలి,” అని నవ్వుతూనే ఆమె గడియ మీద చెయ్యి వేసింది.

తెర మీద నాలుగోది, ఆఖరి గీత వెలిగింది.