వంగని మెడ

హైమావతికి మెడలో నరం నొక్కుకుపోయి కుడిచెయ్యంతా ఒకటే సలపరం. చంటిపిల్లను కూడా ఎత్తుకోలేకపోయేది. అందరిలాగే తనూ ఆపరేషన్ చేయించుకుని, అరిగిన డిస్కు తీయించి, సొంతంగా ఆలోచించే డిస్కు పెట్టించుకుంది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. కానీ తల వంచబోతే చాలు, నరానికి ముప్పని డిస్కు బిగుసుకుపోతోంది.

"పాలిచ్చేటప్పుడైనా కాస్త వంచనివ్వమనండి," అని ఆస్పత్రికి ఫోన్ చేసి బతిమాలింది.

"మా మాట అది వినదమ్మా. అంతా మీ మంచికే," అంది నర్సు.

ఆమె పాలిస్తుంటే, భర్త సూరిబాబు ఆ అవస్థ చూడలేక అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకున్నాడు. అందులో పిల్ల పాలు తాగడం ఆపి, అమ్మ కళ్ళకోసం పైకి వెతుకుతోంది. దానికి గడ్డం తప్ప ఏమీ కనబడదు.

"ఇక్కడే ఉన్నానే, బంగారూ," అంది హైమావతి, అద్దంలోని పిల్లతో.

ఒళ్ళో పిల్ల ఏడుపందుకుంది.