ఫిబ్రవరి ముప్పై

వెదురుబొంగు అడ్డం పడింది. ఎద్దులు ఆగిపోయాయి.

"చీటీలు తీయప్పా" అన్నాడు బొంగు పట్టుకున్న మనిషి.

మాసిన ఖాకీ కోటు, వారం రోజుల గడ్డం. కోటు చూస్తే సర్కారు ఉద్యోగిలా ఉన్నాడు. కళ్లు చూస్తే ఎవరినో సాగనంపి ఇప్పుడే వచ్చినవాడిలా ఉన్నాడు.

గోపన్న బండి దిగాడు. కోవెలకుంట్ల దిక్కు నుంచి రెండు రోజులుగా తోలుకొస్తున్నాడు. బండిలో పెళ్ళాం గురమ్మ, మూడేళ్ల కూతురు సుంకులు. రేపే శివరాత్రి. వరుసకొండ తిరునాళ్లలో బిడ్డకు పుట్టెంట్రుకలు తీయిస్తామని మొక్కుకున్నారు.

ఆ తిరునాళ్లకు పోవాలంటే ఆరు రోజుల ముందే కలరా సూది వేయించుకోవాలి. వేయించుకున్న తేదీ రాసిన చీటీ చూపించాలి. ఊరూరా దండోరా వేశారు.

గోపన్న దగ్గర చీటీలు ఉన్నాయి. సూదులే లేవు. సంతలో ఒకాయన నాటుకోడిని పుచ్చుకొని మూడు చీటీలు రాసిచ్చాడు.

"సూది ఎప్పుడు వేయించుకున్యారు?"

"చీటీలో ఉండాది కదా సారూ."

"నువ్వు చెప్పు."

"పోయిన నెల ముప్పైయ్యో తేదీ."

అతను చీటీ చూశాడు. అందులోనూ ముప్పయ్యే ఉంది.

"ఫిబ్రవరికి ముప్పై యాడుండాదప్పా? ఈ ఏడు ఇరవైతొమ్మిదితో సరి. మళ్లా చెప్పు."

గోపన్న నాలుక కరుచుకున్నాడు. కోడి దండగైంది.

"మాకు ఇంగ్లీషు తేదీలు తెలీవు సారూ. మాఘ పున్నమి నాడు. బుధవారం, మా ఊరి సంత."

"పున్నమి శనివారం వచ్చిండాది. మళ్లా చెప్పు."

వెనక బండ్లవాళ్లు గోల మొదలుపెట్టారు. "ఎవడప్పా ఈ శని! మహానందికి పోయింటే ఈపాటికి దర్శనం అయిపోయుండేది" అని ఒకడు అరిచాడు.

ఆ మనిషి వాళ్లవైపు తిరగకుండా గోపన్ననే చూస్తున్నాడు.

"సూది గుర్తు నాలుగు రోజులకు మాసిపోతాదప్పా. తేదీ ఒకటే మిగిలేది. అది గూడా అబద్ధమైతే నేను దేన్ని చూసి పంపల్ల? బండి తిప్పుకో. ఈ పొద్దే నంద్యాలలో సూది వేయించుకో. ఆరు దినాలైనాక రా."

"శివరాత్రి పోతాది కదా సారూ!"

"పోనీ."

ఆ మాటకు గురమ్మ చెంపలు వేసుకుంది. అపచారం మాట అన్నది ఆయన, చెంపలు వేసుకుంది ఈమె.

గోపన్న బండి తిప్పాడు. నంద్యాలకు కాదు, ఫర్లాంగు దూరంలో ఉన్న సోడా అంగడికి. అక్కడ గోడకు క్యాలెండరు వేలాడుతోంది.

"ఇరవైతొమ్మిది, బుధవారం అను" అన్నాడు అంగడాయన, అడగకముందే. "పొద్దున్నుంచి పదిమందికి చెప్పినా. అందరూ దాటిపోయినారు."

మళ్లీ వెదురుబొంగు.

"చెప్పు."

"ఇరవైతొమ్మిది. బుధవారం. మా ఊరి సంత రోజే. రాసినాయన ముప్పై అని తప్పు రాసినాడు."

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. వారం సరిపోయింది. రోజులూ సరిపోయాయి. తప్పు పట్టడానికి ఏమీ మిగల్లేదు.

అయినా బొంగు లేవలేదు.

"బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పప్పా."

గురమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. "వద్దయ్యా. బండి తిప్పు. ఇంటికి పోదాం" అంది మొగుడితో.

వెనక ఇరవై బండ్లు. అందరి కళ్లూ గోపన్న మీదే. అప్పుడు వెనక్కి తగ్గడానికి మగతనం అడ్డొచ్చింది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు.

"నా బిడ్డ సాచ్చి. ఇరవైతొమ్మిదో తేదీ వేయించినా."

చక్కిలిగింత పుట్టి సుంకులు కిలకిలా నవ్వింది.

బొంగు పైకి లేచింది. "నీళ్లు కాగబెట్టి తాపమ్మా! కాగబెట్టి తాపు!" అని ఆ మనిషి బండి వెంట కొంతదూరం పరుగెత్తాడు. గురమ్మ తిరిగి చూడలేదు.

తిరునాళ్లలో నీళ్లు కాగబెట్టేదెవరు? అందరూ గుండంలో మునిగారు, అందులోవే తాగారు.

శనివారం మొక్కు తీరింది. ఆదివారం మధ్యాహ్నం బిడ్డకు వాంతులు పట్టుకున్నాయి, ఆ వెంటనే బేదులు. అంతటా మూలుగులే. ఏ బండి దగ్గర విన్నా ఏడుపే. సోమవారం పొద్దెక్కేసరికి గురమ్మ ఒళ్లో, గంధం పూసిన నున్నటి గుండు చల్లబడిపోయింది.

గోపన్న బండిచక్రానికేసి తల కొట్టుకున్నాడు. ఎవరు ఆపినా ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వెదురుబొంగు దోవ పక్కన పడి ఉంది. ఒక శానిటరీ ఇనస్పెక్టరు, ఇద్దరు పోలీసులు నిలబడి వచ్చే బండ్లను ఆపుతున్నారు.

"ఈడ చీటీలు చూసే సారు యాడ?" అని అడిగాడు గోపన్న. "ఆయన కాళ్లు పట్టుకోవల్ల."

"వాడు ఇప్పుడు సర్కారు మనిషి కాదప్పా. ఎవరూ పెట్టకుండానే వచ్చి నిలబడినాడు. దొంగ తనిఖీ చేస్తాండాడని జనం ఫిర్యాదు ఇస్తే శనివారమే పట్టుకపోయినారు." ఇనస్పెక్టరు గొంతు తగ్గింది. "వాడు ఎనిక్కి తిప్పిన బండ్లల్లో ఒక్క ప్రాణం గూడా పోలేదు."

"మరి ఎవరు సామీ ఆయన?"

ఇనస్పెక్టరు బండిలోని చిన్న మూట వైపు చూసి, తల తిప్పుకొన్నాడు.

"నిరుడు సొంత పెండ్లానికి, ఇద్దరు బిడ్డలకు సూది వేయకనే చీటీల మీద తేదీ రాసిచ్చి, ఇదే తిరునాళ్లకు పంపిన సూదిమందు గుమాస్తా."