అందరికంటే ముందు

బ్యాంకు గార్డు పోలమ్మ చెప్పుల్ని కాలితో పక్కకి నెట్టాడు.

తెల్లారి ఐదింటికి ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట నుంచి కుంటుకుంటూ వచ్చి, మొదటి చోటు పట్టి పెట్టిన చెప్పులవి. పింఛను రోజున లైన్లో ఆ చెప్పులుంటే పోలమ్మ ఉన్నట్టే. మరి ఒళ్ళు మండదూ?

"ఆషున్ దీదీ," రండక్కా అని బెంగాలీలో పిలుస్తూ గార్డు దారి ఇచ్చింది ఏంజలిన్‌కి. మూడు చక్రాల బ్యాటరీ బండి మీద వస్తుంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కాళ్ళు చచ్చుబడ్డాయి, చేతులు వణుకుతాయి. ఏ ఇంటి పిల్లో లైన్లో ఎవరికీ సరిగ్గా తెలీదు.

"సూసినావా స్వర్ణా? మారాణీ వొచ్చింది!"

వెనకనున్న స్వర్ణకుమారి సర్దిచెప్పబోయింది. "పోనీలే వొదినా. నడవనేదు కదా."

"నేను పరుగులెడతన్నానేటి? నా మోకాళ్ళు ఆడి కంటికి ఆనవా?"

పోలమ్మ అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది. ఏంజలిన్ ఫ్యాను కింద, మేనేజరు బల్లకి ఎదురుగా ఉంది. టీ వచ్చింది. టీతో పాటు బిస్కెట్టు కూడాను!

రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఇనుముతో కుస్తీ పట్టి పోయిన మొగుడి పింఛనుకి వస్తోంది తను. ఆ బ్యాంకులో ఎవరైనా ఒక గుక్కెడు మంచినీళ్ళిచ్చారా?

నెలనెలా ఇదే తంతు. నెలనెలా పోలమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమూ మామూలే.

అక్టోబరు ఒకటో తారీఖున ఇక ఉండబట్టలేక బండికి అడ్డంగా నిలబడిపోయింది.

"లైన్లో రా. నీకొక నాయం, మాకొక నాయమేటి?"

"ఒక్క కాయితం ఇచ్చీసి వొచ్చీస్తాను పిన్నీ."

"అలగే అంతావు. లోపలికెల్తే గంట!"

లైను లైనంతా నవ్వింది. గార్డు ఏదో అనబోతే నలుగురాడవాళ్ళు అతని మీద పడ్డారు.

ఏంజలిన్ చెయ్యెత్తి గార్డుని ఆపింది. "ఠీక్ హై పిన్నీ," అని బండి తిప్పుకుని, ఎండలో లైను చివరికి పోయింది.

ఆ పూట పోలమ్మ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

దుర్గాపూజ వెళ్ళిన వారానికి ఆవిడ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

నవంబరు వచ్చేసింది. బతికే ఉన్నానని ఏటా ఈ నెలలోగా బ్యాంకులో వేలిముద్ర వెయ్యకపోతే పింఛను ఆగిపోతుంది. మంచం దిగలేని మనిషి బ్యాంకుకి ఎలా వెళ్తుంది? గోడవైపు తిరిగి ఏడ్చుకుంది పోలమ్మ.

నెలాఖరుకి రెండు రోజుల ముందు ఒకతను గుమ్మంలోకి వచ్చాడు.

"మామ్మా, బ్యాంకు నుంచి వొచ్చినాను. నా పేరు అమర్‌నాథ్. వేలు ఇలాగివ్వండి."

సంచిలోంచి చిన్న మెషీన్ తీశాడు. మంచం మీదే వేలిముద్ర పడింది. పింఛను నిలబడింది.

"నేనెవులికీ సెప్పనేదు బాబూ. నా సంగతి నీకెలా తెలిసింది?"

"ఏంజలిన్ గారు రాసిచ్చినారు. రాలేనోళ్ళ ఇంటికి బ్యాంకే వెళ్ళాలని నెలనెలా పేర్లు పట్టుకొచ్చి మేనేజరు ముందు కూచునేవారు. ఆఖరిసారి మధ్యాహ్నం రెండింటిదాకా ఎండలో ఉండి, లైన్లో అడిగి రాసిచ్చిన కాయితంలో మొదటి పేరు మీదే. 'మోకాళ్ళ నొప్పి. తిట్లు ఎక్కువ. తొందరగా వెళ్ళండి' అని రాసినారు."

పోలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్లని ఒక్కసారి తీసుకురా బాబూ. సేపల పులుసు వొండి పెట్టిస్తాను."

"ఆళ్ళన్నయ్యకి రైల్వేలో బదిలీ అయింది మామ్మా. క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళిపోయినారు."

"ఏ ఊరు?"

"తెలీదు."

"మీ కాయితాల్లో సూడు మరి! పాసుబుక్కు ఇచ్చినప్పుడు ఊరూ పేరూ అన్నీ రాసుకుంతారు కదా?"

అమర్‌నాథ్ తల దించుకున్నాడు.

"ఆవిడకి మా బ్యాంకులో ఖాతాయే లేదు మామ్మా, చెయ్యి వణికి సంతకం రెండుసార్లు ఒకలాగ రాదని, మూడేళ్ళపాటు మర్యాదగా కూచోబెట్టి, ఖాతా తెరవకుండా వట్టి చేతులతోనే పంపించినాం."