ఐలవ్వ వీలునామా

“డాక్టరమ్మా, నేను రాసిన వీలునామా రద్దు చెయ్యాలె. ఇయ్యాల్నే చెయ్యాలె.”

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే అన్నది ఐలవ్వ. ఆమె వెనక తమ్ముడు ఎల్లన్న తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

డాక్టర్ కమలకుమారి చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. గోదావరిఖనిలో ఆమె నడిపే చిన్న ధర్మాసుపత్రి గోడకు ఆనుకునే ఉంది ఐలవ్వ ఇల్లు. కిందటి వానాకాలం ఊపిరితిత్తులకు నెమ్ము చేరి, ఇక దక్కదని అందరూ అనుకున్న ఐలవ్వ ఇక్కడే లేచి కూర్చుంది. పిల్లాజెల్లా లేని మనిషి. తన తదనంతరం ఆ ఇల్లు ఆసుపత్రికే చెందాలని వీలునామా రాసి, రిజిస్ట్రేషన్ కూడా చేయించింది. “ఆ ఇంట్లో కాన్పుల వార్డు పెడదాం అవ్వా” అంటూ కమలకుమారి అప్పుడే మనసులో మంచాలు వేసేసింది, ఉయ్యాలలు కూడా కట్టేసింది.

“కూర్చో అవ్వా. ముందు మంచినీళ్లు తాగు.”

“నీళ్లు ఎనుకసిరి తాగుత. రద్దు అయితదా, కాదా?”

“అవుతుంది. నీ ఇల్లు, నీ ఇష్టం. రాసిన మనిషి ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.” కమలకుమారి చూపు ఎల్లన్న మీదికి పోయింది. “మీరేమైనా చెప్పారా?”

ఎల్లన్న ఉలిక్కిపడ్డాడు. “నేనేం చెప్త మేడమ్! నిన్నటి సంది ఇంట్ల ఇదే లొల్లి. జర ఆలోచించు అక్కా, తొందరపడకు అన్న. నా మాట ఇంటే గద!”

“నువ్వు సప్పుడు చెయ్యకురా,” అని కసిరింది ఐలవ్వ.

“పోనీ, మా వాళ్లెవరైనా నిన్ను నొప్పించారా? నర్సులు విసుక్కున్నారా?”

“అయ్యో, వాళ్లనేమనకు. కన్నబిడ్డల తీరు చూసుకున్నరు.”

“మరి తప్పెవరిది?”

“నీదే!”

అప్పుడే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఆ చప్పుడు సద్దుమణిగేదాకా ఆగి, ఐలవ్వ వేలు చూపిస్తూ అందుకుంది.

“నిన్న నన్ను పరీక్ష చేసి ఏమన్నవు? యాది తెచ్చుకో.”

“ఏమన్నాను? ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాను. గుండె, బీపీ, షుగరు అన్నీ బాగున్నాయన్నాను.”

“ఇంకా?”

“ఇంకో ఇరవై ఏళ్లు నీకు ఢోకా లేదన్నాను.”

“గదీ!” బల్ల మీద చరిచింది ఐలవ్వ. “అగో, గా ముచ్చటే నన్ను నిన్నటి సంది నిద్ర పోనిస్తలేదు. ఆర్నెల్లో ఏడాదో ఉంట అనుకొని రాసిన గా కాయితం. ఇరవై ఏండ్లు ఉంట అని ఎరుకుంటే గట్ల రాస్తునా?”

కమలకుమారి ముఖం విప్పారింది. ఇదా సంగతి! చావుకు సిద్ధపడి సంతకం చేసిన మనిషి, ఇప్పుడు బతుకుమీద ఆశతో ఆ సంతకాన్ని వెనక్కి అడుగుతోంది. ఏ డాక్టరుకైనా ఇంతకన్నా ఏం కావాలి? వార్డు పోతే పోయింది. లేచి వచ్చి ఐలవ్వ భుజాలు పట్టుకుని నవ్వేసింది.

“న్యాయమే అవ్వా! ఇరవై ఏళ్లు బతికే మనిషికి ఇల్లు లేకపోతే ఎలా? రేపే వెళ్లి రద్దు చేయిద్దాం, నేనూ వస్తాను. వచ్చేటప్పుడు మిఠాయి కూడా తిందాం.”

“నిజంగనేనా? మల్ల మాట మారుస్తవేమో?”

“మార్చను. ఒట్టు.”

ఐలవ్వ ముఖం వెలిగిపోయింది. “ఇన్నవారా ఎల్లన్నా? డాక్టరమ్మ ఒప్పుకున్నది!”

“మీరు సుత గట్లనే అంటే ఇగ నా మాటెవరు ఇంటరు మేడమ్,” అని నిట్టూర్చాడు ఎల్లన్న.

ఐలవ్వ బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి బయటికి తీసింది. దాన్ని కమలకుమారి అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లను తన చేతులతో గట్టిగా మూసింది.

“ఎనుక నేను పండుకునే అర్ర ఒక్కటి నాకుంచు. ముందటిల్లంత ఇయ్యాల్టి సంది దవాఖానదే.”

“అవ్వా! ఇప్పుడే కదా రద్దు చేయమన్నావు?”

“చెయ్యక మరి? నేను సచ్చినంకనే ఇస్త అని రాస్తిని. కాన్పుకొచ్చిన ఆడపిల్లలు నొప్పులు పట్టుకొని ఇరవై ఏండ్లు ఆగుతరా, బిడ్డా?”