ఐదో ఆప్షన్

కరీంనగర్‌లోని ఒక నీట్ కోచింగ్ కాలేజీలో ఉద్యోగం కోసం మమతారాణి డెమో క్లాసు చెబుతోంది.

"ప్రోటీన్ తయారుచెయ్యని డీఎన్‌ఏ అంత దేనికి మేడం?" ఒక అమ్మాయి అడిగింది.

"చాలావరకు ఇంకా ఎవరికీ తెలియదు," అంది మమత. ఆమె మొహం వెలిగిపోయింది.

వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపల్ వంశీధర్‌రావు క్లాసు ఆపించి, ఆమెను తన గదికి పిలిచాడు.

"నాలుగు ఆప్షన్లల్ల తెల్వదనేది ఉంటదా? పీహెచ్‌డీ చేసి ఎందుకు దాచినవ్?"

"మాలిక్యులర్ బయాలజీల పీహెచ్‌డీ అని చెప్తే ఎవ్వరు కొలువిస్తలేరు సార్. దాస్తే మీరు తిడుతున్నరు." కోపంతో ఆమె గొంతు పెంచింది. "అసలు మీకెట్ల తెల్సింది?"

"తెల్వదని గంత సంబురంగ చెప్పేది ల్యాబుల రీసెర్చి చేసినోళ్లే." అతను టేబుల్ మీది చాక్‌పీసు తీసుకుని రెండు ముక్కలు చేశాడు. "గా అలవాటు మానేతందుకు నాకు శానేండ్లు పట్టింది."