రాక్షసుడి ప్రార్థన

అచ్చుకు వెళ్లాల్సిన చెల్లెలి నవలలోంచి ఒక పేజీ లాగి అన్నయ్య బల్ల మీద పెట్టాడు.

"ఇది తీసెయ్. రాక్షసుడు ప్రార్థన చేయడమేంటి? మందిరం పెద్దని నేను. నలుగురిలో తలెత్తుకోవద్దా?"

చెల్లెలు నిఘంటువు మూసింది. పాత లిపులు చదవడం ఆమె ఉద్యోగం. మాయలోకాల కథలు రాయడం ఆమె ప్రాణం.

"తీయను అన్నయ్యా."

"నీకసలు భక్తి ఉందా?"

"ఉంది కాబట్టే మన పవిత్ర గ్రంథం మూలంతో ఇరవై ఏళ్లు కుస్తీ పట్టాను. మనం రాక్షసుడని చదివే మాటకి అక్కడ అర్థం, 'గడప బయట నిలబెట్టినవాడు'. కొమ్ములూ కోరలూ మనం తగిలించినవే."

"నీ పాండిత్యం నాకొద్దు. పేజీ తీయకపోతే నువ్వూ మందిరానికి రావద్దు."

"సరే. బయట మీ అబ్బాయి పక్కన నిలబడతా."

అన్నయ్య ముఖం మారింది. పెద్దలకు ఎదురు చెప్పాడని కొడుకుని మందిరం నుంచి వెళ్లగొట్టి రెండేళ్లయింది.

"వాడు వస్తున్నాడా?"

"ఒక్క వారం కూడా మానలేదు. గోడ అవతల నిలబడి ప్రార్థన చేసుకుని వెళ్తాడు. నువ్వెప్పుడూ అటు చూడలేదు."

ఆమె అతని చేతి కింద నుంచి పేజీ తీసుకుని నవలలో పెట్టేసింది. అన్నయ్య అడ్డు చెప్పలేదు.

"వాడు దేవుణ్ణి ఏం అడుగుతాడు?"

"నీ మోకాళ్ల నొప్పులు తగ్గించమని."